పొల్లీని పియానో ఎవరిది?

2024 మార్చి 23న ఇటలీలోని మిలాన్ నగరంలో మౌరీత్సియో పొల్లీని అనే పియానో విద్వాంసుడు తన 82వ ఏట చనిపోయాడు. ఆరు దశాబ్దాలకు పైగా కచేరీలు చేసి, ప్రపంచంలోని అగ్రశ్రేణి విద్వాంసులలో ఒకడుగా లెక్కకు వచ్చినవాడు. అటువంటి మనిషిని గురించి తెలుగు సాహిత్య పత్రికలో, అందునా తెలుగు పాఠాలు చెప్పుకునే నావంటివాడు, రాయవలసిన అవసరం ఏమిటని పాఠకులు అడగవచ్చు. నేను సంగీతశాస్త్రజ్ఞుణ్ణి కాను. పొల్లీనిని రికార్డులలో విన్నానేగాని కళ్లారా చూడలేదు. అయినా రాస్తున్నాను. కళకూ ప్రజలకూ ఉన్న సంబంధాన్ని గురించి మన మధ్య ఎంతోకాలంగా నడుస్తున్న తగువొకటి ఆయన జీవితంలో తేటతెల్లంగా కనిపిస్తుంది. ఆ తగువులో ఇరుపక్షాలూ పొరబడుతున్నాయని నా వాదన.

మొదటి పక్షం వారిని మనం బాగా ఎరుగుదుం. కళాకారుడికి రాజకీయాలెందుకు, హాయిగా పియానో వాయించుకోక లోకంలోని యుద్ధాల సంగతి ఆయనకెందుకు అని అడిగే పెద్దమనుషులు వీరు. రెండో పక్షం వారు బయటివారు కారు, మనవాళ్లే. బాఖ్, బీథోవెన్, షోపెన్ - ఇదంతా ప్రభువుల కొలువులలోనూ, షావుకార్ల హాళ్లలోనూ పెరిగిన సంగీతమనీ, కష్టజీవికి దీనితో నిమిత్తం లేదనీ, ప్రజలకు కావలసింది వినగానే అర్థమయ్యేది మాత్రమేననీ వీరి సిద్ధాంతం. ఈ రెండు పక్షాలూ ఒకదానికొకటి బద్ధశత్రువులమనుకుంటాయి. కాని నింపాదిగా ఆలోచిస్తే ఇద్దరిదీ ఒకటే నమ్మకమని తేలుతుంది: ఉత్తమమైన, కష్టసాధ్యమైన కళ కొద్దిమంది సొత్తు. మొదటివారు ఆ సొత్తును పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటారు. రెండోవారు ఆ తాళాన్ని అంగీకరించి, పెట్టెలో ఉన్నది పనికిమాలినదని సమాధానపడతారు. బయట నిలబడ్డవాడికి ఇద్దరి వల్లా ఒరిగేది ఒకటే.

అసలు విషయంలోకి పోయేముందు పియానో కచేరీ ఎలాంటిదో రెండు మాటలు చెప్పాలి. అది మన గాత్రకచేరీ వంటిది కాదు. మన విద్వాంసుడు కృతికి ముందు రాగం ఆలాపిస్తాడు, తర్వాత స్వరకల్పన చేస్తాడు, తన మనోధర్మాన్ని చూపిస్తాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పియానో వాయించేవాడికి ఆ స్వేచ్ఛ దాదాపు లేదు. స్వరకర్త కాగితం మీద రాసిపెట్టిన ప్రతి స్వరాన్నీ రాసినట్టే పలికించాలి. ఎనభయ్యెనిమిది మెట్ల మీద ఏ స్వరాన్ని ఎంత బరువుతో నొక్కాలి, ఏది ముందుకు తేవాలి, ఏది వెనక్కు నెట్టాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి - విద్వాంసుడి సొంతమల్లా ఇంతే. భారతం పద్యం చదివి అర్థం చెప్పే పౌరాణికుడి పని కొంతవరకు ఇటువంటిదే. పద్యం తిక్కనది. కాని ఆ పద్యం సభలో బతకడమూ చావడమూ చదివేవాడి మీద ఆధారపడి ఉంటుంది. అందువల్ల పియానో విద్వాంసుడి జీవితంలో మనం అడగవలసిన ప్రశ్నలు రెండు: ఏం వాయించాడు? ఎవరికి వాయించాడు? సంగీత విమర్శకులు మొదటి ప్రశ్నతో ఆగిపోతారు. నాకు రెండో ప్రశ్న కూడా కావాలి.

పొల్లీని 1942 జనవరి 5న మిలాన్‌లో పుట్టాడు. కష్టజీవుల బిడ్డ కాడు. తండ్రి జీనో పొల్లీని ఇటలీలో ఆధునిక వాస్తుశిల్పానికి పునాదులు వేసినవారిలో ఒకడు. మేనమామ ఫౌస్తో మెలొత్తి పేరుపొందిన శిల్పి. పాతకళా కొత్తకళా ఒకే బల్ల మీద కనిపించే ఇల్లు అది. 1960లో, 18 ఏళ్ల వయసులో, వార్సాలో జరిగే షోపెన్ పోటీలో ప్రథమ బహుమతి గెలిచాడు. ఆ పోటీ న్యాయనిర్ణేతల సంఘానికి గౌరవాధ్యక్షుడు ఆర్థర్ రూబిన్‌స్టెయిన్. సాంకేతిక నైపుణ్యంలో ఈ కుర్రవాడు ఇక్కడ కూర్చున్న మా అందరినీ మించాడన్న అర్థం వచ్చే మాట ఆయన అన్నాడని లోకంలో ప్రచారం.

అంతటి మెప్పు లభించిన కుర్రవాణ్ణి కచేరీల వ్యాపారం ఊరికే వదిలిపెట్టదు. బహుమతి తాలూకు వేడి చల్లారకముందే ఊరూరా తిప్పి, ఆ రెండు మూడు షోపెన్ కృతులనే వందసార్లు వాయింపించి, సొమ్ము చేసుకోవడం దాని పద్ధతి. పొల్లీని ఒక రికార్డు ఇచ్చి, ఆ తర్వాత కచేరీలు బాగా తగ్గించుకుని చదువుకు కూర్చున్నాడు. ఆర్తురో బెనెదెత్తి మికెలాంజెలి దగ్గర కొంతకాలం నేర్చుకున్నాడు. అమెరికాలో తొలి కచేరీ చేసింది 1968లో. 1971లో పెద్ద రికార్డు కంపెనీకి తొలి రికార్డు చేసినప్పుడు కూడా శ్రోతలు ఎదురుచూసే తేనెలొలికే షోపెన్‌ను ఇవ్వలేదు. స్త్రావిన్‌స్కీ పెత్రూష్కా ఘట్టాలు, ప్రొకోఫియెవ్ ఏడో సొనాటా వాయించాడు. షోపెన్ ఎట్యూడ్‌లు ఇరవైనాలుగూ 1972లో వచ్చాయి. సరుకు ఎప్పుడు ఏది కావాలో బజారు చెబుతుంది. తాను ఎప్పుడు ఏది ఇవ్వాలో ఆయన తానే నిర్ణయించుకున్నాడు. నిజమే, తిండికి లోటులేనివాడు గనుక నిర్ణయించుకోగలిగాడు. కాని తిండికి లోటులేని విద్వాంసులు ఎందరో ఉండగా ఆ పని చేసినవారు ఎందరు?

ఇప్పుడు రెండో ప్రశ్న. ఎవరికి వాయించాడు?

మిలాన్‌లోని లా స్కాలా నాటకశాల 1778లో తెరుచుకుంది. దాని నిర్మాణానికి డబ్బు పెట్టింది అక్కడి పెట్టెగదులను సొంతం చేసుకున్న ధనిక కుటుంబాలు. అంటే ఆ గోడల పునాదులలోనే ఆస్తిహక్కు ఉంది. అటువంటి చోట 1970ల తొలి సంవత్సరాలలో దర్శకుడు క్లౌదియో అబ్బాదో, పొల్లీని కలిసి కార్మికుల కోసం, విద్యార్థుల కోసం ప్రత్యేకంగా కచేరీలు నడిపారు. అంతటితో ఆగక జెనోవాలోని ఫ్యాక్టరీలకు పోయారు. 1973 నుంచి రెజ్జో ఎమీలియా పట్టణంలో 'సంగీతం-వాస్తవికత' అనే పేరుతో నడిచిన కార్యక్రమాలలో అబ్బాదో, పొల్లీని, స్వరకర్త లూయీజీ నోనో పాల్గొన్నారు. పేటలలో, బడులలో, కర్మాగారాలలో కచేరీ. కచేరీకి వెంట చర్చ. వినడానికి వచ్చినవాడు చప్పట్లు కొట్టి పోవడమే కాదు, లేచి అడగవచ్చు, కాదనవచ్చు.

ఇది కొందరు మంచి కళాకారులకు హఠాత్తుగా కలిగిన దయ అని ఎవరైనా అనుకుంటే చాలా పొరపాటు. 1969 శరత్కాలంలో ఇటలీ కార్మికవర్గం దేశాన్ని కుదిపేసింది. 1970లో కార్మికుల హక్కుల చట్టం వచ్చింది. 1973లో లోహపరిశ్రమ కార్మికులు తమ ఒప్పందంలో సాధించుకున్న షరతొకటి మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగ్గది: చదువుకోవడానికి నూట యాభై గంటల వేతన సమయం. ఆ గంటలు యంత్రం మీద పని నేర్చుకోవడానికి కాదు. ప్రాథమిక విద్యతో ఆగిపోయినవాళ్లు చదువు పూర్తిచేసుకోవడానికి, చరిత్రా సాహిత్యమూ ఆర్థికశాస్త్రమూ చదువుకోవడానికి. కూలిరేటు కోసం పోరాడినవాడే తీరిక కోసం, ఆ తీరికలో చదువు కోసం పోరాడాడన్న మాట. పొల్లీని పియానో ఫ్యాక్టరీలోకి పోయింది ఈ తెరిచిన తలుపులోంచి. కార్మికుడు చెయ్యిచాచి అడగలేదు; విద్వాంసుడు దానం చెయ్యలేదు.

ఇక మొదటి పక్షం వారి దగ్గరకు వద్దాం. 1972 డిసెంబరులో అమెరికా విమానాలు హనోయి, హైఫాంగ్ నగరాల మీద భారీగా బాంబులు కురిపించడం మొదలుపెట్టాయి. అదే రోజులలో మిలాన్ సంగీత కళాశాల హాలులో పొల్లీని కచేరీ ఉంది. వాయించడానికి కూర్చునేముందు, పలువురు ఇటాలియన్ సంగీతకారులు సంతకాలు చేసిన ఖండన ప్రకటనను చదవబోయాడు. హాలు అట్టుడికిపోయింది. కేకలు, ఈలలు, తిట్లు. చివరకు పోలీసులు వచ్చారు. కచేరీ జరగలేదు.

అక్కడ రాజకీయాలు తెచ్చింది ఎవరు? ప్రకటన చదవడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ తర్వాత కచేరీ యథాప్రకారం జరిగేది. మాకు సంగీతమే ముఖ్యమన్నవాళ్లకు సంగీతమే ముఖ్యమైతే రెండు నిమిషాలు ఓపికపట్టేవారు. వారు పట్టలేదు. ఒక మాట వినకుండా ఉండడం కోసం సంగీతాన్నే వదులుకున్నారు. కనుక ఆ సాయంత్రం వారికి అన్నిటికన్న ముఖ్యమైనది సంగీతం కాదు, తమ మనశ్శాంతి. కళలో రాజకీయాలు వద్దనేవారు సాధారణంగా ఒకే రకం రాజకీయాలను వద్దంటారు. కచేరీకి ముందు మంత్రిగారు మాట్లాడితే, ధర్మకర్తగారికి పూలదండ వేస్తే, దాతల పేర్లు బల్లమీద చెక్కిస్తే ఎవరికీ రాజకీయం కనిపించదు. బాంబు కింద చచ్చిపోతున్నవాడి పేరెత్తితే మాత్రం కళ మైలపడుతుంది.

వారి వాదనలో నిజం లేకపోలేదు. షోపెన్ ఎట్యూడ్ కరపత్రం కాదు. దానిలో వియత్నాం లేదు, సమ్మె లేదు. పొల్లీని కూడా ఉన్నదని ఎక్కడా నటించలేదు. బీథోవెన్‌ను వాయించేటప్పుడు బీథోవెన్‌నే వాయించాడు. కార్మికుల ముందు ఒక విధంగా, ధనికుల ముందు ఒక విధంగా వాయించలేదు. ఆయనలో వేడి లేదు, గడియారం వలె కచ్చితమేగాని హృదయం కనిపించదని కొందరు విమర్శకులు జీవితాంతం దెప్పుతూనే వచ్చారు. నా చెవికి అది వేరుగా వినిపిస్తుంది. శ్రోతకు కన్నీళ్లు తెప్పించడానికి అవసరం లేనిచోట ఆగి మూలగడం, మెడ వాల్చడం, స్వరాన్ని సాగదీయడం ఆయన చెయ్యడు. కృతి నిర్మాణం మొత్తం ఎండలో కట్టడంలాగా ఎదుట నిలబెడతాడు, ఇక నువ్వు చూసుకో అంటాడు. వినేవాడికి బుద్ధి ఉందని నమ్మినవాడు వాయించే పద్ధతి అది. ఆ నమ్మకమూ, ఫ్యాక్టరీకి పోవడమూ వేరువేరు సంగతులు కావు.

రెండో పక్షానికి, అంటే మనవాళ్లకు, చెప్పవలసింది ఇంకా కటువుగా చెప్పాలి. బయటివాడు చేసిన తప్పుకన్న మనం చేసినది మనకు ఎక్కువ హాని చేస్తుంది గనుక.

పొల్లీని రికార్డు చేసిన ప్రొకోఫియెవ్ ఏడో సొనాటా సంగతే తీసుకోండి. 1942లో, యుద్ధం మధ్యలో, పూర్తయింది. 1943లో స్వియతోస్లావ్ రిఖ్టర్ మాస్కోలో తొలిసారి వాయించాడు. స్టాలిన్ బహుమతి కూడా వచ్చింది. ఐదేళ్లు తిరిగేసరికి, 1948 ఫిబ్రవరిలో, సోవియట్ పార్టీ కేంద్రసంఘం చేసిన తీర్మానంలో అదే ప్రొకోఫియెవ్, ఆయనతోపాటు షొస్తకోవిచ్, ఖచతూరియన్ 'రూపవాదులు'గా, ప్రజావ్యతిరేక ధోరణి గలవారుగా ముద్రపడ్డారు. ప్రజలకు అర్థంకాదన్నదే ప్రధానమైన నేరం. ప్రజలను ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. ప్రజల చెవి ఎంతవరకు వినగలదో కొందరు అధికారులు గదిలో కూర్చుని తేల్చారు. 1958లో అదే పార్టీ ఆ తీర్పులు అన్యాయమైనవని ఒప్పుకున్నది. అప్పటికి ప్రొకోఫియెవ్ చనిపోయి ఐదేళ్లు. ఈ చరిత్రను శత్రువులు మన మొహాన కొడతారని దాచిపెట్టేవారున్నారు. దాచవలసిన పనిలేదు. నేర్చుకోవలసిన పని ఉంది.

పొల్లీని ఈ చరిత్ర తెలిసిన వామపక్షీయుడు. అందుకే ఆయన కార్మికుల ముందు తేలిక సరుకు పెట్టలేదు. లూయీజీ నోనో కమ్యూనిస్టు, అదే సమయంలో ఆ తరంలో అందరికన్న కఠినమైన సంగీతం రాసినవారిలో ఒకడు. 1964లో నోనో జెనోవా ఉక్కు కర్మాగారంలోని చప్పుళ్లను, కార్మికుల మాటలను టేపుమీద పట్టి 'వెలిగే కర్మాగారం' అనే కృతి కట్టాడు. ఇటలీ ప్రభుత్వ రేడియో దాన్ని తన ఉత్సవంలో వినిపించడానికి ఒప్పుకోలేదు. నోనో కార్మికుల సభలకే తీసుకుపోయి వినిపించి వారితో చర్చించాడు. అదే నోనో పొల్లీని కోసం, అబ్బాదో కోసం 'బలమూ వెలుగూ నిండిన అల వలె' అనే పెద్ద కృతి రాశాడు. 1971లో చనిపోయిన చిలీ విప్లవకారుడు లూసియానో క్రూజ్ స్మృతికి రాసినది. సోప్రానో గొంతు, పియానో, వాద్యబృందం, టేపు - నాలుగూ కలిసి అలలాగా లేచి విరిగిపడే సంగీతం. తొలిసారి వినిపించింది లా స్కాలాలోనే, 1972లో. ఏడాది పైచిలుకులో చిలీలో సైన్యం ప్రజాప్రభుత్వాన్ని కూల్చింది.

ఆ కృతి మొదటిసారి విన్నప్పుడు సులువుగా లొంగదు. నాకూ లొంగలేదు. కాని లొంగనిది నా చదువుకు లొంగలేదు గనుక ఫ్యాక్టరీ మనిషికి అసలే లొంగదని ఏ ముఖం పెట్టుకుని అనను? రోజూ ఎనిమిది గంటలు యంత్రాల మధ్య నిలబడే మనిషికి లోహపు చప్పుడులోని భేదాలు నాకన్న బాగా తెలుసు. కష్టమైనది అర్థం కావడానికి పుట్టుక అక్కరలేదు. కావలసింది మళ్లీ మళ్లీ వినే వీలు, తీరిక, పక్కన కూర్చుని చెప్పేవాడు. ఈ మూడూ ధనికుల పిల్లలకు ఇంట్లోనే దొరుకుతాయి. దాన్నే వారు అభిరుచి అని పిలుచుకుంటారు.

నా ప్రత్యర్థులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. అదే పొల్లీని సాల్స్‌బర్గ్ ఉత్సవంలోనూ, న్యూయార్క్ కార్నెగీ హాలులోనూ ఖరీదైన టిక్కెట్లు కొన్నవారి ముందు వాయించలేదా? వాయించాడు. జీవితంలో ఎక్కువ భాగం అక్కడే వాయించాడు. ఫ్యాక్టరీ కచేరీలు 1970లతో దాదాపు అంతరించాయి. ఇది వైరుధ్యం కాదా? వైరుధ్యమే. కాని ఎవరిది? 1980 శరత్కాలంలో తూరిన్ నగరంలోని ఫియట్ కర్మాగారంలో ముప్పైఐదు రోజుల సమ్మె ఓడిపోయింది. ఇటలీ కార్మికోద్యమం ఆ దెబ్బనుంచి మళ్లీ పూర్వపు బలంతో లేవలేదు. తలుపు తెరిచిన చెయ్యి బలహీనపడినప్పుడు తలుపు మూసుకుపోయింది. ఒక్క విద్వాంసుడు, ఎంతటివాడైనా, భుజం ఒడ్డి దాన్ని ఆపలేడు. అయినా తనకు మిగిలిన చోట ఆయన తన పద్ధతి మార్చుకోలేదు. సాల్స్‌బర్గ్‌లో, న్యూయార్క్‌లో కచేరీ వరుసలు తానే రూపొందించి, పాత స్వరకర్తల పక్కనే షోన్‌బెర్గ్‌నూ నోనోనూ కూర్చోబెట్టాడు. సుఖంగా షోపెన్ విని పోదామని వచ్చినవారికి సుఖం దక్కనివ్వలేదు. ఆయనది సంపూర్ణ విజయమని నేననను. కాని ఓటమికి కారణం ప్రజలకు ఆ సంగీతం పట్టకపోవడం కాదు. ప్రజల సంస్థలు దెబ్బతినడం. ఈ రెండు కారణాలకూ తేడా తెలియనివాడు చేసే విమర్శ ఎప్పుడూ బాధితుడి మీదికే పోతుంది.

ఇదంతా ఎక్కడో ఇటలీ గొడవ అనుకోవద్దు. నేను పాఠం చెప్పే తరగతిలో కూలిపనులు చేసుకునేవారి పిల్లలు, మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు ఎక్కువమంది. ఈ పిల్లలకు తిక్కన ఎందుకు, పెద్దన ఎందుకు, వాళ్లకు తేలికైనదేదో ఒకటి చెప్పి పంపరాదా అని సహాధ్యాపకులు కొందరు సలహా ఇస్తారు. వారిలో సంప్రదాయవాదులున్నారు, అభ్యుదయవాదులమని చెప్పుకునేవారూ ఉన్నారు. ఒకరు జాలితో అంటారు, మరొకరు సిద్ధాంతంతో అంటారు. ప్రబంధంలో భూస్వామ్య భావాలు లేవా అంటే ఉన్నాయి. వాటిని పట్టుకుని నిలదీయాలన్నా ముందు చదవాలిగదా! చదవనివ్వకుండా నిలదీయమనడం ఎటువంటి అభ్యుదయం?

మన ఉద్యమంలో బుర్రకథకు ఉన్న స్థానాన్ని నేను తక్కువచేయడం లేదు. ప్రజానాట్యమండలి ఊరూరా చేసిన పని వెలకట్టలేనిది. కాని బుర్రకథకు అంత శక్తి తెచ్చిన షేక్ నాజర్ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవాడని మనం మరచిపోతాం. ఆయన ప్రజల దగ్గరకు పోయినప్పుడు నేర్చుకున్నదాన్ని ఇంట్లో వదిలిపెట్టి పోలేదు. తనకు తెలిసినదంతా వెంటబెట్టుకుని పోయాడు. జానపదమా శాస్త్రీయమా అన్న తగాదా ఆయన గొంతులో లేదు. మన వ్యాసాలలోనే ఉంది.

కనుక మన సంఘాల వారికి ఒక సూచన చేస్తున్నాను. సభల్లో 'ప్రజల వద్దకు సాహిత్యం' అని తీర్మానాలు చేయడం కొంతకాలం ఆపుదాం. గాజువాకలోనో, గోదావరిఖనిలోనో ఒక యూనియన్ ఆఫీసు చూసుకుని, నెలకొకసారి, ఒక కష్టమైన కృతిని - తిక్కన ఉద్యోగపర్వం కానివ్వండి, త్యాగరాజు పంచరత్నం కానివ్వండి, పొల్లీని వాయించిన బీథోవెన్ సొనాటా కానివ్వండి - కుదించకుండా, పలచన చేయకుండా, మొదటినుంచి చివరివరకు చదివి, వినిపించి, చర్చకు పెడదాం. తెలిసినవాడు పక్కన కూర్చుని చెబుతాడు, వచ్చినవాడు కాదనవచ్చు. పదిమంది వస్తే పదిమందితోనే నడుపుదాం. అదే సమయంలో, పని గంటలు తగ్గించమనీ, చదువుకునే తీరికకు కూలి ఇమ్మనీ యూనియన్ల చేత అడిగిద్దాం. ఇటలీ కార్మికులు ఒకప్పుడు నూట యాభై గంటలు సాధించారు. మనవాళ్లు ఇంకా అడగనైనా లేదు. అడగకుండానే, వాళ్లకు అర్థంకాదని తేల్చడం మానుకుందాం.